పిల్లి ఒడలు నాకి బొచ్చు పోగొట్టుకొనుట: కారణములు, చేయవలసిన పనులు

ధవళేశ్వరము వద్ద 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర గోదావరికి ఆనకట్ట కట్టించిన నాటి నుండి డెల్టా గ్రామములలో వరి నిలకడగా పండుచున్నది. ధాన్యమున్న ఇంటికి ఎలుక వచ్చును. ఎలుక వచ్చిన ఇంటికి పిల్లి కావలసి వచ్చును. పాత ఆనకట్టకు బదులుగా 1982 నాటికి బ్యారేజి తయారైనది. వెన్ను గడ్డితో చుట్టిన పురులు, గాదెలు తగ్గి గోనె సంచులు వచ్చినవి. అయినను వరద కాలములో లంకలు, పల్లపు చేలు మునిగినపుడు ఎలుకలు మెరకకు ఎక్కి ఇండ్లలో దూరుట మాత్రము మానలేదు. ఎలుక ధాన్యము తినుటయే గాక తన మూత్రము ద్వారా ఎలుక జ్వరమును కూడ ఇంటికి తెచ్చును. పెద్ద పందికొక్కును పిల్లి పట్టలేక పోవచ్చును గాని, చిట్టెలుకలను, ఎలుక పిల్లలను పట్టి ఇంటిని కాపాడును. కనుక రైతు ఇంటిలో పిల్లికి ఒక స్థానము కలదు.

అటువంటి పిల్లి పొట్ట మీద, తొడల మీద బొచ్చు పోయి చర్మము తెల్లగా కనబడినపుడు ఇంటివారు సామాన్యముగా ఏమి చేయుదురు? "గజ్జి పట్టినది" అని తలచి కిరసనాయిలో, వేపనూనెయో, పశువుల పిడుదులకు తెచ్చిన మందో పూయుదురు. కొద్ది గంటలలో పిల్లి చొంగ కార్చుచు, వణకుచు మూలబడును. ఇట్లు చచ్చిన పిల్లిని చంపినది రోగము కాదు, పైన పూసిన పూత. అందుచేత ఈ విషయములో రైతు సోదరులు మొట్టమొదట గుర్తుంచుకొనవలసినది ఒక్కటే: పిల్లి ఒంటి మీద పూసిన ప్రతి వస్తువును అది నాకి మ్రింగును. బొచ్చు ఏల పోయినదో తెలిసికొనిన పిమ్మటనే మందు మాట.

పూయరానివి

పిల్లి కాలేయమునకు ఒక లోపము కలదు. కొన్ని విషములను గ్లూకురోనిక్ ఆమ్లముతో జతపరచి బయటకు పంపివేయు శక్తి మనుష్యులకు, కుక్కలకు ఉన్నంత పిల్లికి లేదు. అందువలన ఆవుకు, కుక్కకు పనికివచ్చిన మందు పిల్లికి ప్రాణాంతకము కావచ్చును.

కుక్కల వీపు మీద చుక్కలుగా వేయు మందులలో కొన్నిటియందు పర్మెత్రిన్ ఉండును. ఇది పిల్లికి తగిలిన ఒళ్ళు అదిరి, ఫిట్లు వచ్చి, మరణము సంభవించును. పశువుల పిడుదులకు నీటిలో కలిపి వాడు డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ మందులను కూడ పిల్లికి తగులనీయరాదు. ఫినాయిలు, కిరసనాయిలు, యూకలిప్టస్ తైలము చర్మమును కాల్చుటయే గాక కడుపులోనికి పోయి విషమగును. వేపనూనె చెట్టు నుండి వచ్చినదే గదా యని చిక్కగా పట్టించుటయు మంచిది కాదు. ఒకప్పుడు గమేక్సిను పొడిని పశువుల కొట్టములలోను, జంతువుల మీదను చల్లెడివారు. బి.హెచ్.సి. అనబడు ఆ మందును మన దేశములో 1997లో నిషేధించిరి. ఎవరి అటక మీదనైనను పాత డబ్బా మిగిలియున్న యెడల దానిని తీసి వాడరాదు.

పిల్లి బాధ పడుచున్నదని పారాసెటమాల్ బిళ్ళ పొడి చేసి పాలలో కలిపి పెట్టువారు కలరు. ఒక్క బిళ్ళ కూడ పిల్లిని చంపగలదు. చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుట, ముఖము వాచుట, ఊపిరి అందకపోవుట దీని గుర్తులు.

పొరపాటున ఇటువంటి వస్తువు ఏదైనను పూసియుండిన యెడల వెంటనే గోరువెచ్చని నీటితో, కొద్దిగా గిన్నెలు తోము ద్రవపు సబ్బుతో కడిగి, తుడిచి, పొడిగుడ్డలో చుట్టి పశువైద్యుని వద్దకు చేర్చవలెను. మందు డబ్బాను కూడ వెంట తీసికొనిపోవలెను. ఇంటి వద్ద వాంతి చేయించుటకు ప్రయత్నింపరాదు.

నాకుట ఎప్పుడు రోగమగును?

పిల్లి నాలుక మీద గొంతు వైపునకు వంగిన చిన్న ముండ్లు వరుసలుగా ఉండును. మన గోళ్ళు ఏ పదార్థముతో ఏర్పడినవో ఈ ముండ్లును ఆ పదార్థముతోనే ఏర్పడినవి. ఈ నాలుకయే పిల్లికి దువ్వెన, తువాలు కూడ. మెలకువగా ఉన్న కాలములో సుమారు మూడవ వంతు, ఒక్కొక్కపుడు సగము వరకు, ఆరోగ్యముగా ఉన్న పిల్లి ఒడలు శుభ్రపరచుకొనుటలోనే గడుపును. ఊడిన బొచ్చు, దుమ్ము, పురుగులు దీనితో పోవును. కావున నాకుట చూచి భయపడనక్కరలేదు. ఒకే చోటును విడువక నాకుట, నిద్ర నుండి లేచి నాకుట, తిండి మాని నాకుట, బొచ్చు పలచబడుట, చర్మము ఎఱ్ఱబడుట కనబడినపుడు రోగమని గ్రహింపవలెను.

కంటికిని చెవికిని నడుమ బొచ్చు పలుచగా ఉండుట పిల్లులకు సహజము. పిల్లలకు పాలిచ్చు తల్లిపిల్లి పొట్ట మీద బొచ్చు పలుచనగుటయు కలదు. వీటికి చికిత్స అవసరము లేదు.

ఊడినదా, నాకగా పోయినదా?

ఇంటివారు చాలమంది "మా పిల్లి నాకుట మేము చూడలేదు, బొచ్చు దానంతట అదియే ఊడిపోయినది" అందురు. పిల్లి మనుష్యుల ఎదుట నాకుట మాని మంచము క్రింద, అటక మీద నాకుకొనుచుండును. కనుక ఈ క్రింది గుర్తులను చూడవలెను.

మొదటిది, బొచ్చు పోయిన చోట వ్రేలితో ఎదురు దిశగా రాయవలెను. మొండి గడ్డము వలె గరుకుగా తగిలిన యెడల వెండ్రుకలు మధ్యకు తెగినవన్నమాట. అనగా నాలుక పని. నున్నగా ఉన్న యెడల వెండ్రుక వేరుతో ఊడినదని అనుమానింపవచ్చును. రెండవది, మలములో వెండ్రుకలు కనబడుట, బొచ్చు ఉండలు కక్కుట. మూడవది, పశువైద్యుడు నాలుగు వెండ్రుకలు పీకి సూక్ష్మదర్శినిలో చూచిన చివరలు విరిగినవో, సహజముగా సన్నగిలినవో తెలియును. దీనికి పట్టు కాలము కొద్ది నిమిషములే.

మెడకు గరాటు వలె అట్ట పట్టీ కట్టి నాకకుండ చేసిన, నాకుట వలన పోయిన బొచ్చు కొన్ని వారములలో మొలచును. అయితే పట్టీ కారణమును తీసివేయదు. పట్టీ తీసిన మరునాడే పిల్లి మరల మొదలుపెట్టును. పుండు పడిన చోట మానుటకు కొన్నాళ్ళు ఉపయోగించును, అంతే.

దూకెడి పేలు: అన్నిటికంటె సామాన్యమైన కారణము

పిల్లి బొచ్చు పోవుటకు కారణములలో మొదట వెదకవలసినది ఒక చిన్న పురుగు. రెక్కలు లేవు. ముదురు గోధుమ రంగు. రెండు ప్రక్కల నొక్కినట్లు పలుచగా ఉండి బొచ్చు నడుమ పరుగెత్తును, దూకును. పశువైద్యులు దీనిని ఫ్లీ అందురు. ఈ వ్యాసములో దూకెడి పేను అందము. పిల్లిని పట్టునదే కుక్కను కూడ పట్టును, ఇంటిలో మనుష్యుల పాదములను కూడ కుట్టును.

ఈ పేను కుట్టునపుడు దాని చొంగ చర్మములోనికి పోవును. కొన్ని పిల్లులకు ఆ చొంగ పడదు. అట్టి పిల్లికి ఒంటి నిండ పేలు ఉండనక్కరలేదు. రెండు మూడు కాట్లు చాలును, రోజుల తరబడి దురద తీయును. నడుము మీద, తోక మొదట, తొడల వెనుక, పొట్ట మీద నాకి నాకి బొచ్చు పోగొట్టుకొనును. చేతితో వీపు నిమిరిన చోళ్ళ గింజలంతేసి పొక్కులు తగులును.

పరీక్ష సులభము. తలలోని పేలు తీయు ఈర్పెనతో తోక మొదటి బొచ్చును తెల్లని గుడ్డ మీద దువ్వవలెను. రాలిన నల్లని నలుసుల మీద నీరు చిలుకరించిన, వాటి చుట్టు ఎఱుపు గోధుమ రంగు వ్యాపించిన యెడల అవి పేలు తాగిన రక్తపు మలము. నలుసులు కనబడకపోయినంత మాత్రమున పేలు లేవని చెప్పరాదు. దురద గల పిల్లి పేలను, వాటి మలమును నాకి మ్రింగివేయును. ఇట్లు మ్రింగిన పేల ద్వారా బద్దె పురుగు కడుపులో చేరును. మలద్వారము వద్ద దోసగింజల వంటి తెల్లని ముక్కలు అంటియుండుట దీనికి సాక్ష్యము.

పెద్ద పేను పిల్లి మీద ఉండును గాని దాని సంతానము ఇంటిలో ఉండును. ఆడ పేను రోజుకు ఇరువది మొదలు ఏబది వరకు గ్రుడ్లు పెట్టును. అవి బొచ్చు నుండి జారి మంచము క్రింద, నేల పగుళ్ళలో, గోనెల నడుమ, గడ్డిలో పడును. పిల్ల పురుగులు చీకటిలో పెరిగి గూళ్ళు కట్టుకొనును. ఒక ఇంటిలోని పేల సంతతిలో సుమారు నూటికి ఐదు వంతులే పెద్ద పేలై పిల్లి మీద ఉండునని లెక్క. తేమయు, మితమైన వేడియు ఉన్నపుడు గ్రుడ్డు నుండి పెద్ద పేను అగుటకు మూడు నాలుగు వారములు పట్టును. మే నెల ఎండకు, పొడిగాలికి పిల్ల పురుగులు చచ్చును. తొలకరి నుండి పుష్యమాసము వరకు డెల్టాలోని గాలి తేమ వాటికి అనుకూలము. గూటిలోని పురుగు కొన్ని నెలలు కదలక ఉండి, మనిషి అడుగు చప్పుడుకు, వేడికి బయటకు వచ్చును. అందుచేతనే "మందు వేసితిమి, నెల తిరుగకుండ మరల వచ్చినవి" అని రైతులు చెప్పుదురు. మందు తప్పు లేదు. వచ్చినవి గూళ్ళలో దాగిన కొత్త పేలు.

కావున పని మూడు చోట్ల జరుగవలెను. పిల్లికి, ఇంటిలోని ప్రతి కుక్కకు, ప్రతి పిల్లికి ఒకేసారి వైద్యుడు చెప్పిన మందు వేయవలెను. పిల్లులకొరకే తయారైన సెలామెక్టిన్, ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ చుక్కల మందులు కలవు. బరువును బట్టి కొలత నిర్ణయించి, నాలుక అందని చోటున, అనగా తల వెనుక మెడ మొదట, బొచ్చు విడదీసి చర్మము మీద వేయవలెను. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ అను పేర్లు పొలము మందుల డబ్బాల మీద కూడ కనబడును. ఆ డబ్బాల మందు పిల్లికి వాడరాదు. దాని గాఢతయు, కలిపిన ద్రావకములును వేరు. రెండవ పని, పిల్లి పడుకొను గుడ్డలను వారమునకొకసారి వేడి నీటిలో ఉతికి ఎండలో ఆరవేయుట. మూడవది, నేల పగుళ్ళు పూడ్చి, మంచముల క్రింద, గోనెల క్రింద ఊడ్చి, ఆ దుమ్మును ఇంటికి దూరముగా పారవేయుట. ఇట్లు మూడు నెలలు విడువక చేసినగాని ఇల్లు శుభ్రపడదు. ఎనిమిది వారములు నిండని కూనలకు మందు వేయక ఈర్పెనతో దువ్వి, పేలను సబ్బు నీటిలో వేసి చంపుట మేలు.

తామర, గజ్జి

తల మీద, చెవుల మీద, ముంగాళ్ళ మీద గుండ్రముగా బొచ్చు పోయి పొట్టు రాలుచున్న యెడల తామర అని అనుమానింపవలెను. ఇది ఒక శిలీంధ్రము. వెండ్రుకలో చేరి దానిని పెళుసుగా చేసి విరుచును. పిల్లికి అంత దురద లేకపోవచ్చును. పిల్లిని ఎత్తుకొను చిన్నపిల్లల మెడ మీద, చేతుల మీద గుండ్రని దద్దులు లేచిన, పిల్లిని పిల్లలను ఇద్దరిని చూపింపవలెను. రాలిన వెండ్రుకలలోని బీజములు ఇంటిలో నెలల తరబడి బ్రతుకును. మనుష్యుల తామరకు కొట్టులో అమ్ము మిశ్రమపు లేపనములలో స్టెరాయిడు ఉండుట కలదు. అది పైకి ఎఱుపు తగ్గించి లోన తామరను పెంచును. పిల్లికి పూసిన అది కడుపులోనికి కూడ పోవును.

చెవి అంచుల నుండి మొదలై ముఖము, మెడ మందముగా పెచ్చులు కట్టి విపరీతముగా గోకుకొనుచున్న యెడల అది గజ్జి. కంటికి కనబడని పురుగులు చర్మములో సొరంగములు త్రవ్వుట దీనికి కారణము. ఒక పిల్లి నుండి మరొక దానికి త్వరగా అంటును. చెవి లోపల కాఫీ పొడి వంటి నల్లని మురికి ఉన్న యెడల చెవి పురుగులు. వైద్యుడు చర్మమును కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూచి వీనిని నిర్ధారించును. సరియైన మందుతో ఇవి సులభముగా కుదురును.

పడని ఆహారము

ముఖము, మెడ గోకుకొనుట, దానితోపాటు పొట్ట నాకుట, ఒక్కొక్కపుడు విరేచనములు కూడ కలిగి, పేలు లేవని తేలిన పిమ్మట ఆహారమును అనుమానింపవలెను. పిల్లులకు పడకపోవు ఆహారములలో ఎద్దు మాంసము, చేప, కోడి మాంసము ముఖ్యమైనవి. గోదావరి ఒడ్డున పిల్లికి చేప తలకాయలు, చేపల పులుసు కలిపిన అన్నము నిత్యాహారము. ఎంత కాలముగా తినుచున్న వస్తువైనను ఒకనాటి నుండి పడకుండ పోవచ్చును. "పుట్టిన నాటి నుండి చేపే తినుచున్నది గదా" అనుట సమాధానము కాదు.

దీనికి రక్తపరీక్షల కంటె ఆహార పరీక్షయే నమ్మదగినది. ఎనిమిది వారములపాటు పిల్లి ఎన్నడును తినని మాంసము, ఉదాహరణకు ఉప్పు, కారము, ఉల్లి, వెల్లుల్లి లేకుండ ఉడికించిన మేక మాంసము పెట్టి, చేపను, పాలను పూర్తిగా మానవలెను. దురద తగ్గిన పిమ్మట చేపను మరల పెట్టి చూచినపుడు దురద తిరిగి వచ్చిన యెడల కారణము దొరికినట్లే. పొరుగింట చేప ముక్క తినివచ్చిన పరీక్ష చెడును గనుక చుట్టుపక్కల వారికి ముందే చెప్పి ఉంచవలెను. ఉత్త అన్నముతో పిల్లిని నెలల తరబడి పోషించుట తగదు. మాంసములో లభించు టారిన్ లేకపోయిన దానికి చూపు, గుండె చెడును. కనుక ఈ పరీక్షను వైద్యునితో ఆలోచించి ప్రారంభింపవలెను.

నొప్పి వలన నాకుట

పిల్లి నొప్పిని అరచి చెప్పదు, ఆ చోటును నాకును. ముసలి పిల్లి తుంటి మీద, మోకాలి మీద నాకుచున్న కీళ్ళ నొప్పి కావచ్చును. పొత్తికడుపు మీద మాత్రమే నాకుచు, మాటిమాటికి మూత్రమునకు కూర్చుండి కొద్దికొద్దిగా పోయుచున్న యెడల మూత్రాశయపు వాపు. మగపిల్లి మూత్రమునకు కూర్చుండి ఒక్క చుక్కయు రాక అరచుచున్న యెడల మూత్రనాళము మూసుకొనినదని తెలిసికొనవలెను. దీనికి ఒక పూట కూడ ఆలస్యము చేయరాదు. రెండు మూడు దినములలో ప్రాణము పోవును.

బెంగ వలన నాకుట

ఏ రోగమును కనబడనపుడు "బెంగపెట్టుకొనినది" అనుట వాడుక. ఇది ఉన్నదే గాని అనుకొనినంత తరచు కాదు. మానసిక కారణమని భావించిన 21 పిల్లులను పూర్తిగా పరీక్షింపగా 16 పిల్లులకు శారీరక కారణమే ఉన్నదనియు, ఇద్దరు ముగ్గురు కారణములు కలిసినవి 3 అనియు, కేవలము మానసిక కారణము గలవి 2 మాత్రమే అనియు 2006లో అమెరికా పశువైద్య సంఘ పత్రికలో ప్రచురించిరి. అందుచేత బెంగ అను మాట చివరకు రావలెను, మొదట రారాదు.

వరదకు ఇల్లు విడిచి పోవుట, కొత్త ఇంటికి మారుట, మరొక పిల్లిని తెచ్చుట, తిరుగుచున్న పిల్లిని గదిలో బంధించుట, ఇంటిలో పసిబిడ్డ పుట్టుట పిల్లికి కలవరము కలిగించును. అట్టి పిల్లికి వేళకు తిండి, ఎత్తుగా ఎవరును కదిలింపని చోటు, విసర్జనకు శుభ్రమైన ఇసుక తట్ట, తిండికి ముందు దారమునకు కట్టిన గుడ్డ ముక్కతో కొంతసేపు ఆట ఏర్పాటు చేయవలెను. నాకుచున్నపుడు కొట్టుట, అదలించుట వలన కలవరము హెచ్చి నాకుట మరింత పెరుగును. ఇవి చాలనపుడు వైద్యుడు మనసును నెమ్మదిపరచు మందులు వ్రాయును.

ఏ వరుసలో చేయవలెను?

1. ఏ పూతయు పూయరాదు. ఇంతకు ముందు పూసియుండిన కడిగివేయవలెను.

2. బొచ్చు ఎక్కడ పోయినదో, ఎప్పటి నుండియో, తిండిలో, ఇంటిలో ఏమి మారినదో కాగితము మీద వ్రాసికొనవలెను. ఈ కాగితము వైద్యునికి సగము పని తగ్గించును.

3. ఈర్పెన, తడిగుడ్డ పరీక్ష చేయవలెను.

4. పశువైద్యునికి చూపవలెను. చర్మపు గీకుడు, వెండ్రుకల పరీక్ష అడుగవలెను. కారణము తెలియకుండ స్టెరాయిడు సూది మందు మాటిమాటికి వేయించరాదు. దురద అప్పటికి తగ్గును గాని, అది పలుమారులు వేసిన పిల్లికి మధుమేహము రావచ్చును, తామర ఉన్న యెడల ముదురును.

5. గజ్జి, తామర లేవన్న మాట వచ్చినను పేల మందు మూడు నెలలు సాగింపవలెను. ఆ పిమ్మట ఆహార పరీక్ష, ఆ తరువాతనే బెంగ సంగతి.

6. పరీక్ష చేయునపుడు పిల్లిని తువాలులో చుట్టి పట్టుకొనవలెను. కరచిన, గీరిన యెడల గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదిహేను నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి పిచ్చికుక్క కాటుకు ఇచ్చు టీకాలు వేయించుకొనవలెను. పిల్లికి కూడ రేబిస్ టీకా ఏటేటా వేయించుట అవసరము.

ఎద్దుకు, గేదెకు వైద్యము చేయించు రైతు పిల్లిని తీసికొని పశువైద్యశాలకు పోవుటకు మొగమాటపడుట కలదు. పడనక్కరలేదు. గ్రామ పశుసంవర్థక సహాయకులు ఇట్టివారిని సమీపపు ప్రభుత్వ పశువైద్యశాలకు పంపవలెను. 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య సేవను గూర్చి తెలిసికొనవచ్చును. కుదురని కేసులను గన్నవరములోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాలకు తీసికొనిపోవచ్చును. పిడుదుల మందు అమ్మునపుడు, పంచునపుడు "ఇది పిల్లికి పనికిరాదు" అని ఒక్క మాట చెప్పుట గ్రామోద్యోగులు, అంగడివారు చేయగల గొప్ప సహాయము.

కారణము తెలిసి చికిత్స జరిగిన పిల్లికి రెండు మూడు నెలలలో బొచ్చు తిరిగి వచ్చును. అంతవరకు దాని పొట్ట బోసిగా కనబడినను తొందరపడరాదు. బొచ్చు లేని పిల్లి ఎలుకను పట్టగలదు. పూత పూసిన పిల్లి మరునాటికి బ్రతికియుండునో లేదో చెప్పలేము.